మా ఆదివారం కూపు

మొన్న ఆదివారం మేము ఏడుగురం ఒకే కారులో కిక్కిరిసి రాజమండ్రి నించి మారేడుమిల్లి అడవికి వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొచ్చాం. ఈ మాత్రం దానికి వ్యాసమా అని మీరనుకోవచ్చు. కానీ ఆ ఒక్కరోజులో మా కుటుంబం ఆ అడవికి చేసిన సేవని ఎవరూ నమోదు చేయలేదు. ప్రభుత్వం గుర్తించలేదు. అడవి కూడా ఒక్క మాట అనలేదు. అందుకని నేనే కలం పట్టాల్సి వచ్చింది.

అడవి కాచిన వెన్నెల అని మన పెద్దలు ఊరికే వాపోయేవారు. చూసేవాడు లేనిచోట కాసి ఏం లాభమని వాళ్ళ బెంగ. ఆ బెంగ తీర్చింది మేమే, అంటే పర్యాటకులం. ఇవాళ గుడిస కొండ మీదికి సూర్యోదయం చూడ్డానికని తెల్లవారుజామునే జీపులు బారులు తీరి ఎక్కుతుంటే, దారిలో ఒక్క చుక్క వెన్నెల కూడా వృథా పోవట్లేదు. అన్ని హెడ్‌లైట్ల మధ్య వెన్నెలెక్కడుందో కనబడదనుకోండి, అది వేరే సంగతి.

అడవంటే పనీపాటా లేకుండా పచ్చగా పడుండే చోటని చాలామంది అపోహ. మారేడుమిల్లి చుట్టూ ఉన్న ఈ రంప అడవి ఎప్పుడు ఖాళీగా ఉంది గనక? నూట యాభై ఏళ్ళుగా డ్యూటీలోనే ఉంది. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకి దేశమంతా కలప నరుక్కుంటూ పోయి, ఇలా అయితే రేపటికి మిగలదని తెల్లదొరలకి భయం పట్టుకుంది. 1864లో డీట్రిక్ బ్రాండిస్ అనే జర్మన్ దొరని అడవులన్నిటికీ పెద్ద ఆఫీసరుగా కూర్చోబెట్టారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో నిన్నటిదాకా అడవిలో కాపురం ఉంటున్నవాడు కాస్తా, అడవిలోకి చొరబడినవాడయ్యాడు. ఇక్కడి గిరిజనుడు కొండరెడ్డి పోడు కొడితే, అంటే కొండవాలు నరికి పంట వేసుకుంటే, నేరం. అదే కొండ మీద కాంట్రాక్టరు టేకు కొడితే రాబడి. కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి తేల్చుకొచ్చేవారు. మా ఊళ్ళో పాత మేడల దూలాలు చూసినప్పుడల్లా, అవి ఏ కొండ దిగొచ్చాయో అని నాకు ఒకలాంటి భక్తిభావం కలుగుతూ ఉంటుంది.

ఇంత పనికి ఒక పద్ధతుండాలి కదా. దాని పేరు వర్కింగ్ ప్లాన్. ఇప్పటికీ రాస్తారు, మామూలుగా పదేళ్ళకొకటి. అడవిని కూపులుగా, అంటే వంతుల వారీగా నరికే ముక్కలుగా విడదీసి, ఈ ఏడు ఈ కూపు, పై ఏడు ఆ కూపు అని వంతులేస్తారు. కొట్టాల్సిన చెట్టుకి బెరడు చెక్కి, సుత్తితో ముద్ర కొడతారు. ముద్ర లేని చెట్టు మీద గొడ్డలి పడకూడదు.

మా బావమరిది ఈ సంప్రదాయానికి అసలు సిసలు వారసుడు. శనివారం రాత్రే ఫ్యామిలీ గ్రూపులో వర్కింగ్ ప్లాన్ పెట్టేశాడు. నాలుగింటికి బయల్దేరడం. ఏడింటికి ఘాట్ రోడ్డు మలుపులో మొదటి రీల్. ఎనిమిదిన్నరకి కల్లు (ఇది వాళ్ళావిడ ఉన్న గ్రూపులో పెట్టలేదు, నాకు విడిగా పంపాడు). పదింటికి జలపాతం. పన్నెండింటికి బొంగులో చికెన్. 'రెండు నించి మూడు: ప్రశాంతత' అని ఒక గంట కేటాయించాడు గానీ, భోజనం దగ్గర ఆలస్యమై అది రద్దయింది. ముద్ర కొట్టే పని వాళ్ళబ్బాయి తీసుకున్నాడు. పదో తరగతి కుర్రాడు, జలపాతం దగ్గర ఒక నల్లమద్ది బెరడు మీద తాళంచెవితో రెండక్షరాలూ మధ్యలో ఒక ప్లస్సూ చెక్కాడు. ఆ రెండో అక్షరం ఎవరిదని వాళ్ళమ్మ ఇప్పటికీ దర్యాప్తు చేస్తోంది.

కల్లు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది చరిత్ర. జీలుగు చెట్టు కొండవాళ్ళకి ఇంటి పాడిగేదె లాంటిది. పొద్దున్నే కుండ దించుకుని, తాగాల్సినవాళ్ళు తాగి పనిలోకి పోతారు. మైదానంలో కూర్చున్న దొరలకి, వాళ్ళ కింద జమీందారు లాంటి మనసబుదారుకి, ఆ కుండలో పన్ను కనబడింది. ఇంట్లో తాగడానికి కల్లు గీసుకున్నా సుంకమే అన్నారు. 1879లో రంప భగ్గుమంది. కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు ముందు నడిచారు. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. ఆ పితూరీని, అంటే తిరుగుబాటుని, అణచడానికి పటాలాల్ని దింపాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ నేల మీదే, రోడ్డు పక్కన లీటరు సీసాల్లో పోసి పెట్టిన జీలుగు కల్లు ముందు నించుని, మా బావమరిది "మరీ అన్యాయంగా చెప్తున్నారు బావా రేటు" అన్నాడు. ఆ గొంతులో తమ్మన్నదొర ఆవేశమే వినబడింది నాకు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు గానీ, జీలుగు చెట్టు కింద కల్లు తాగి పాలని చెప్పి నెగ్గుకొచ్చిన మనిషిని ఆరోజే చూశాను.

పన్నుల మాటొచ్చింది కాబట్టి పార్కింగ్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. పల్నాడులో పశువుల్ని అడవిలో మేపుకోవడానికి పుల్లరి కట్టమంటే కట్టమన్నారు. దానికి ముందు నిలబడ్డ కన్నెగంటి హనుమంతుని 1922లో కాల్చి చంపారు. జలపాతం దగ్గర కారు పెట్టుకోవడానికి టికెట్ తీసుకోమంటే మా బావమరిది "మేం లోకల్" అన్నాడు. లోకలంటే తొంభై కిలోమీటర్ల దూరం. ఆ టికెట్ పుస్తకం పట్టుకున్న అమ్మాయి వన సంరక్షణ సమితి మనిషి, ఆ లోయలోనే పుట్టి పెరిగినట్టుంది. ఏమీ అనలేదు. టికెట్ చింపి చేతిలో పెట్టింది, అంతే. హనుమంతు ఎదురు తిరిగింది సామ్రాజ్యం మీద. మావాడు ఎదురు తిరిగింది ఇంటర్ చదువుతున్న పిల్ల మీద. పోరాటానికి స్థాయీ భేదం ఉండచ్చు, నేను కాదనను.

జలపాతం పేరు జలతరంగిణి. ఎవరు పెట్టారో గానీ సంగీతం తెలిసినవాళ్ళే అయ్యుంటారు. రాళ్ళ మీద మెట్లు మెట్లుగా దిగుతూ ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో స్వరం పలుకుతుందట. పలుకుతుందట అని ఎందుకంటున్నానంటే, మేము బ్లూటూత్ స్పీకర్ తీసుకెళ్ళాం. పక్కన ఇంకో నాలుగు కుటుంబాలూ తెచ్చుకున్నాయి. అయిదు పాటలు కలిసి వినబడుతుంటే ఆరో పాట నీళ్ళది అయినా కాకపోయినా ఒకటే. నీళ్ళల్లో దిగబోతుంటే ఆ టికెట్ల అమ్మాయి వచ్చి "చెప్పులతోనే దిగండి సార్, సీసా పెంకులుంటాయి" అని హెచ్చరించింది. వంగి చూస్తే నిజమే. నాచు పట్టిన రాళ్ళ సందుల్లో ఆకుపచ్చగా, గోధుమ రంగులో, తళుక్కుమంటూ ఉన్నాయి. ఒకటి పాదరసంలా ఉన్న నీళ్ళ కింద ఎంత ముద్దుగా మెరిసిందంటే, మా అమ్మాయి రంగు రాయనుకుని చెయ్యి పెట్టబోయింది. అడవిలో ఖనిజ సంపద లేదన్నవాళ్ళు ఒకసారి ఇక్కడికి వచ్చి చూడాలి.

ఖనిజాలకీ కలపకీ ప్రభుత్వం వసూలు చేసేదాన్ని సీనరేజి అంటారు కదా. చాలాకాలం అది సీనరీకి కట్టే డబ్బని నేననుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తోంది, ఆ పొరపాటులోనే దూరదృష్టి ఉంది.

ఇక బొంగు. ఈ వ్యాసంలో మీరు అసలు ఎదురు చూస్తున్నది దీనికోసమేనని నాకు తెలుసు.

వెదురు చాలా గొప్ప మొక్క. వృక్షశాస్త్రం ప్రకారం అది గడ్డి. 1927 అటవీ చట్టం ప్రకారం చెట్టు. 2017లో చట్టం సవరించి, అడవి బయట పెరిగిన వెదురు చెట్టు కాదన్నారు. అంటే సరిహద్దు రాయికి ఇవతల గడ్డి, అవతల చెట్టు. మారేడుమిల్లి రోడ్డు పక్కకొస్తే ఈ రెండూ కాక కూర గిన్నె. ఒకే ప్రాణి ఇన్ని ఉద్యోగాలు చేయడం మన దేశంలో ఇంకెక్కడా చూడలేదు.

మాకు వండిపెట్టినాయనకి అరవై దాటుంటాయి. నిప్పుల ముందు గొంతుక్కూర్చుని, పక్కనున్న బొంగుల్లోంచి ఒకటి తీసి, కణుపు మీద వేలితో టకటకా కొట్టి చూశాడు. పక్కన పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. "పచ్చిదే కావాలి బాబూ, ఎండుదైతే కూర కంటే ముందు బొంగు కాలిపోద్ది" అన్నాడు. అడుగున కణుపు మూత లాగా ఉంటుంది. ఉప్పూకారం పట్టించిన ముక్కల్ని పైనించి వేసి, పుల్లతో మెల్లిగా కుక్కి, నూనె చుక్క వేయకుండా, అడ్డాకుల్ని ఉండలా చుట్టి మూతికి బిరడా పెట్టాడు. నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి, ఉత్త చేత్తోనే తిప్పుతూ కూర్చున్నాడు. పచ్చ రంగు పోయి, పసుపు పోయి, నల్లబడింది. బిరడా అంచున నీళ్ళు బుసబుసా పొంగాయి. ఎన్ని నిమిషాలని మా బావమరిది ఫోన్లో టైమర్ పెట్టి అడిగితే, "వాసన చెప్తాది" అన్నాడు.

"ఎన్నేళ్ళ నించి చేస్తున్నావు ఇది?" అన్నాడు మావాడు. బ్యాంకులో తన కంటే చిన్న మేనేజర్ని 'మీరు' అనే మనిషి.

"ఈ యాపారం మీరొచ్చే కాడ్నించే బాబూ. ముందు కూపులో వెదురు కొట్టేవోణ్ణి. కాయితం మిల్లుకి. అప్పుడు లారీ లెక్కన కొట్టేవోళ్ళం, ఇప్పుడు మూర లెక్కన."

బొంగు చీల్చి, ఆ బిరడా తీసిన అడ్డాకుల పక్కనే ఇంకో శుభ్రమైన అడ్డాకు విస్తరి పరిచి అందులో వడ్డించబోయాడు. మా ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. హైజీన్ ముఖ్యం కదా. కారులోంచి పేపర్ ప్లేట్లు తెచ్చాం, లోపల ప్లాస్టిక్ పూత ఉన్నవి. తిన్నాక వాటిని ఎక్కడ వేయాలో తెలీక, అక్కడే ఉన్న వెదురు పొద మొదట్లో వేశాం. ఈ విషయం మీద నేను తర్వాత చాలా ఆలోచించాను. వెదురు లారీ ఎక్కి మిల్లుకెళ్ళింది, కాగితమైంది. ఆ కాగితమే ప్లేటై మా కారెక్కి తిరిగొచ్చి, మళ్ళీ వెదురు కాళ్ళ దగ్గరే పడిందేమో ఎవరు చూశారు? పుట్టింటికి తిరిగి చేరిందన్నమాట. దీన్ని చెత్త అనేవాళ్ళకి వేదాంతం తెలియదు.

చికెన్ మాత్రం అద్భుతం. అందులో వ్యంగ్యం లేదు.

భోజనమయ్యాక కొంచెం పైకి వెళ్తే ఒక మలుపులో లోయంతా కనబడే చోటుంది. ఎదురు కొండ నడుమున, పచ్చటి దుప్పటికి మాసిక వేసినట్టు, ఎర్రటి చెక్క ఒకటి కనబడింది. "అయ్యయ్యో, అడవినెలా నరికేశారో చూడండి" అని మా ఆవిడ నిజంగానే బాధపడింది. మాతో వచ్చిన గైడు కుర్రాడు అది పోడు అనీ, వాళ్ళ బాబాయిదేననీ, కొర్రలూ కందులూ వేస్తారనీ చెప్పాడు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చాక పట్టాకి అర్జీ పెట్టుకున్నారట. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నించీ సాగులో ఉన్నట్టు చూపించాలి, చూపిస్తే నాలుగు హెక్టార్లకు మించకుండా ఇస్తారు. తాత ముత్తాతల నించీ అక్కడే ఉన్నవాళ్ళు, అక్కడే ఉన్నామని నిరూపించుకోవాలన్నమాట. మాకైతే ఆ ఇబ్బంది లేదు. ఆదివారం ఉదయం 7 గంటల 12 నిమిషాలకి మేము ఆ అడవిలోనే ఉన్నామని లొకేషన్‌తో సహా నలభై ఫోటోలు ఆధారం చూపగలం.

మా బావమరిది ఆ ఎర్ర చెక్కని చాలాసేపు చూశాడు. తర్వాత తెలుగువాడు ఎక్కడికెళ్ళినా, కాశీకెళ్ళినా కాలిఫోర్నియాకెళ్ళినా, అడిగే మొదటి ప్రశ్న అడిగాడు.

"ఇక్కడ గజం ఎంతుంది తమ్ముడూ?"

"అమ్మరు సార్. వన్ ఆఫ్ సెవెంటీ."

1970 నాటి ఆ చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారదు. ఆ మాట వినగానే ఎదటివాడి మొహంలో గౌరవం రావాలి. మావాడి మొహంలో కుతూహలం వచ్చింది. "దానికేదో దారుంటుందిలే" అన్నాడు. కిందటేడు మేము బస చేసిన ఒక రిసార్టుకి ఆ దారి దొరికిందని అతని అభిప్రాయం. అక్కడ అడవి మధ్యలో ఈతకొలను ఉంది. గది కిటికీ తీస్తే ఏసీ డబ్బా కనబడేది. రాత్రంతా జనరేటర్ మోగింది. పక్షులు కూడా మోగే ఉంటాయి.

తిరుగు దారిలో అల్లూరి సీతారామరాజు విగ్రహం దగ్గర ఆపాం. ఆగాల్సిందే కదా. 2022లో ఏకంగా జిల్లాకే ఆయన పేరు పెట్టారు. పిల్లలిద్దరూ లేని విల్లు ఎక్కుపెట్టినట్టు నించుని ఫోటోలు దిగారు. సుమారు వందేళ్ళ క్రితం గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు నర్సీపట్నం నించి లంబసింగికి రోడ్డు వేయిస్తూ, కొండవాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టేవాడు. ఆ మంట కూడా తోడై 1922 ఆగస్టులో వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి జరిగింది. ఇవాళ ఆ రోడ్డు మీదే మనం చలికాలం మంచు చూడ్డానికి లంబసింగి వెళ్తాం, మధ్యలో గుంతలొస్తే ప్రభుత్వాన్ని తిడతాం. మా బావమరిదైతే వచ్చే డిసెంబర్ వర్కింగ్ ప్లాన్‌లో లంబసింగిని అప్పుడే చేర్చేశాడు.

అల్లూరి గురించి నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. స్టేషన్లో తుపాకులు పట్టుకుపోతూ, ఏమేం తీసుకెళ్తున్నాడో అక్కడి రికార్డులో వివరంగా రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళేవాడని చెబుతారు. లెక్క అంటే లెక్కే. ఈ మాట కారులో చెప్తే మావాడు తెగ ఉత్సాహపడ్డాడు. "మనమూ అంతే బావా, ఏదీ ఊరికే తీసుకోలేదు" అన్నాడు. నిజమే. సంతలో కొండ చీపుర్ల కట్ట దగ్గర మా ఆవిడ పావుగంట బేరమాడింది గానీ, చివరికి డబ్బిచ్చే తీసుకుంది. ఆ అమ్మే ముసలావిడ ఇంకో రెండు రూపాయలు తగ్గించి, "పోన్లే తల్లీ, పొద్దుపోతోంది" అంది. గిరిజన సహకార సంస్థ 1956 నించీ చింతపండూ కుంకుడుకాయలూ తేనే తూకమేసి కొంటోంది కదా, అక్కడే అమ్ముకోవచ్చుగా అని మా ఆవిడ సలహా కూడా ఇచ్చింది. సలహాకి డబ్బు తీసుకోలేదు.

ఘాట్ దిగాక చెక్‌పోస్టు దగ్గర బళ్ళు బారులు తీరాయి. మా ముందు ఒకాయన సైకిల్ మీద ఎండుకట్టెల మోపుతో నించున్నాడు. గార్డు ఆ మోపు విప్పించి, పుల్లలు పక్కకి తీసి, లోపల దుంగేమైనా దాచాడా అని చూసి, మళ్ళీ కట్టుకోమన్నాడు. కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. వెనక నించి హారన్లు మొదలయ్యాయి, అందులో మాదీ ఒకటి.

మా వంతొచ్చింది. డిక్కీ తెరిచాం. గార్డు టార్చి వేసి చూశాడు. చీపుర్లు మూడు, తేనె సీసా ఒకటి, తడి బట్టల సంచీ, స్పీకరు. పేపర్ ప్లేట్ల ప్యాకెట్ పొద్దున్న నిండుగా ఉన్నది ఇప్పుడు ఖాళీ. మంచినీళ్ళ సీసాలు ఇరవై నాలుగు పెట్టుకెళ్ళాం. వెనక్కి రెండొచ్చాయి.

"కలపేమైనా ఉందా సార్?"

"ఆకు కూడా లేదండీ" అన్నాడు మా బావమరిది, గుండె మీద చెయ్యేసుకుని. అని ఊరుకోలేదు. అల్లూరి పూనినట్టున్నాడు, సంతకం పెడతానని రిజిస్టర్ అడిగి తీసుకున్నాడు. నేనూ తొంగి చూశాను. బండి నెంబరు, ఎక్కణ్ణించి, ఎక్కడికి, తీసుకెళ్తున్నది. నాలుగే గడులు. నాలుగో దాంట్లో గార్డు అప్పటికే 'నిల్' అని రాసేశాడు. దాని పక్కన మావాడు పెద్ద అక్షరాలతో సంతకం పెట్టి, కింద గీత కూడా గీశాడు.